బాణం ఎక్కడ దిగింది?



పట్టాలందుకున్న పిల్లలూ, నిన్న సాయంత్రం మీ ప్రాజెక్టు రిపోర్టులు తిరగేశాను. ప్రతి ఫ్లోషీట్ చివరా ఒక బాణం, పక్కన ‘వ్యర్థాలు’ అన్న మాట. బాణం కాగితం అంచుదాకా పోయి ఆగిపోయింది. జింక్ ప్లాంట్‌లో షిఫ్ట్ ఇంజినీర్‌గా చేరిన కొత్తలో నేనూ అలాగే గీశాను. మా ఫోర్‌మన్ ఆ కాగితం చూసి, ఏమీ అనకుండా నన్ను బురద చెరువు గట్టుకు తీసుకెళ్లాడు. పసుపు పచ్చటి బురద, ఎండినచోట అరచేయంత పెచ్చులు. గ్లౌజు తొడిగిన నా చేతిలో ఒక పెచ్చు పెట్టి, “మీ బాణం ఇక్కడ దిగింది సార్” అన్నాడు.

ఆ పెచ్చు ఎలా పుట్టింది? జింక్ ఖనిజంలో ఇనుము ఉంటుంది. ఖనిజాన్ని కాల్చేటప్పుడు 900 డిగ్రీలు దాటిన వేడికి రెండూ కలిసి జింక్ ఫెర్రైట్‌గా బిగుసుకుంటాయి. పలచటి ఆమ్లానికి అది లొంగదు. గాఢమైన వేడి ఆమ్లంలో కరిగిస్తే జింక్‌తోపాటు ఇనుమూ దిగుతుంది. ఆ ఇనుమును జారోసైట్ అనే పచ్చటి బురదగా విడగొట్టి వడగడతారు. 1960ల్లో ఈ పద్ధతి వచ్చాక జింక్ దిగుబడి పెరిగింది, పచ్చ బురదా పెరిగింది. అందులో సీసం, కాడ్మియం, కొద్దిగా వెండి, ఇంకా కొంత జింక్ మిగిలే ఉంటాయి.

ఇది మనకు దూరపు సంగతి కాదు. మన ధాన్యకటకాన్ని ఏలిన శాతవాహనులు సీసంతో నాణేలు పోశారు. వినుకొండ వైపు బండ్లమోటులో సీసం తవ్వారు. విశాఖలో 1977లో మొదలైన జింక్ స్మెల్టర్ 2012లో మూతపడింది. ఫ్యాక్టరీకి మూత పడుతుంది గానీ సీసానికీ, కాడ్మియానికీ కాలం చెల్లదు. అదీ నా బెంగ.

దారులు లేకపోలేదు. జారోసైట్‌లో సున్నం, సిమెంటు కలిపి గట్టిపరిస్తే జారోఫిక్స్. కెనడాలో పుట్టిన ఆ పద్ధతి రాజస్థాన్‌కు వచ్చింది, రోడ్ల కట్టలకు ఆ దిబ్బ పనికొస్తోంది. పిడుగురాళ్ల సున్నం బట్టీల పక్కన పెరిగినవాళ్లకు సున్నం గుణం నేను చెప్పాలా? అయితే జారోఫిక్స్‌లో లోహం లోపలే ఉండిపోతుంది. ఇంకా మేలైనది ఫ్యూమింగ్. బొగ్గుతో కలిపి కరిగిస్తే జింక్, సీసం ఆవిరై పైకి లేస్తాయి, వాటిని ధూళిగా పట్టుకుంటారు. మిగిలిన స్లాగ్ సిమెంటుకు పోతుంది. కొరియాలోని ఓన్సాన్‌లో, మన రాజస్థాన్‌లోని చందేరియాలో ఇదే చేస్తున్నారు.

తొంభై శాతం మార్కులు తెచ్చుకున్నారు, సంతోషం. మరి లోపలికి పోసిందంతా బయట ఎక్కడ తేలిందో చెప్పని లెక్క మీద సంతకం ఎలా పెట్టారు నాన్నా? డబ్బా అడుగున మిగిలిన గుప్పెడు కందిపప్పుకు కూడా మీ అమ్మ దగ్గర లెక్కుంటుంది. ఆ ఇంట్లో పెరిగిన మీకు టన్నుల బురద కనపడదా?

ఉద్యోగంలో చేరిన మొదటి వారమే ఆ బాణం వెంట నడవండి. అది దిగినచోట నిలబడండి. పక్కన ఎవరి పొలం ఉందో, ఎవరి బోరు ఉందో అడగండి. సంతకం ఆ తర్వాత పెట్టండి.