సరిహద్దున జవాను, ఊరిలో ట్రాక్టరు

పంచాయతీ సభ్యులారా!

జవాను సరిహద్దున నుండగా, అతడు అప్పుపై కొన్న ట్రాక్టరు నిమిత్తము అప్పిచ్చినవారు దావా వేయుదురు. ఇంటికి సమను వచ్చును. ముసలితల్లి దానిని చూరులో దోపి ఊరకుండును. కీడు అక్కడనే మొదలగును.

1925 నాటి భారత సైనికుల వ్యాజ్యముల చట్టము ఇట్టి చిక్కు కొరకే పుట్టినది. సైనికుడు హాజరు కాలేడని కలెక్టరుగారు కోర్టుకు ధ్రువపరచినచో, అతని పక్షమున అధికారము గలవారెవ్వరును లేనప్పుడు, కోర్టు సామాన్యముగా విచారణను నిలిపివేయవలెను. అప్పు మాత్రము తీరిపోదు. ఆ భ్రమ ఎవ్వరికిని వలదు. ఈ చట్టము కోర్టు వ్యవహారములకే చెల్లును. మనుషులను పంపి బలవంతముగా బండిని లాగుకొనిపోవు బ్యాంకుల పద్ధతిని సుప్రీంకోర్టు 2007లో తప్పుపట్టినది.

సమను సంగతి తెలిసిననాడే కలెక్టరుగారికి వ్రాయుడని మేము కోరుచున్నాము. జవాను నంబరు, పటాలము, కోర్టు పేరు, వాయిదా తేదీ అందుండవలెను.