మల్కాజిగిరి సీటు ముసాఫిర్‌ఖానా కాదు

(మేడ్చల్ సభలో చేసిన ప్రసంగ పాఠం)



2008 పునర్విభజనతో మన మేడ్చల్, శామీర్‌పేట ఊర్లు మల్కాజిగిరి పార్లమెంటు స్థానంలో చేరాయి. అప్పటి నుంచి నాలుగు ఎన్నికలు చూశాం, నలుగురు ఎంపీలను చూశాం. 2009లో సర్వే సత్యనారాయణ, 2014లో మల్లారెడ్డి, 2019లో రేవంత్‌రెడ్డి, 2024లో ఈటల రాజేందర్. రెండోసారి గెలిచినవారు ఒక్కరూ లేరు. సర్వే ఒక్కరే మళ్లీ నిలబడి 2014లో ఓడారు. మల్లారెడ్డి 2018లో మేడ్చల్ ఎమ్మెల్యే అయి అటు పోయారు. రేవంత్‌రెడ్డి 2023 డిసెంబర్‌లో ముఖ్యమంత్రి కుర్చీకి పోయారు. సీటు మళ్లీ ఖాళీ!

ఖాళీ సీటుకు ఎవరొస్తారు? అసెంబ్లీకి ఓడినవాళ్లొస్తారు. రేవంత్‌రెడ్డి 2018లో కొడంగల్‌లో ఓడారు, నాలుగు నెలలకే ఇక్కడ 10,919 ఓట్లతో బయటపడ్డారు. ఈటల 2023లో హుజూరాబాద్, గజ్వేల్ రెండు చోట్లా ఓడారు, ఆరు నెలలకే ఇక్కడ 3,91,475 ఓట్ల మెజారిటీ! నవ్వొస్తుంది గానీ, ఇది మన బతుకు ముచ్చట.

2023లో ఈ ఏడు అసెంబ్లీ స్థానాలూ బీఆర్‌ఎస్‌వే. లెక్క ప్రకారం ఎంపీ సీటు వాళ్ల జేబులో ఉన్నట్టే. తీరా చూస్తే వాళ్ల అభ్యర్థి మూడో స్థానం. తెలంగాణ వచ్చిన 2014లోనైనా గెలిచామా? రాష్ట్రంలో టీడీపీకి దక్కిన ఒకే ఒక్క ఎంపీ సీటు ఇదే. తెలంగాణ కోసమని టీడీపీని వదిలి 2008లో సొంత పార్టీ పెట్టిన దేవేందర్‌గౌడ్, మూడుసార్లు మన మేడ్చల్ ఎమ్మెల్యే, 2009లో ప్రజారాజ్యం తరఫున ఇక్కడే ఓడారు. ఉద్యమ పార్టీ అయితే ఈ సీటును ఒక్కసారీ గెలవలేదు. గులాబీ జెండా మోసిన ఈటల గెలిచింది కమలం గుర్తు మీద.

వలసొచ్చినవాళ్ల ఓట్లు అని మనం ఒక్క మాటతో కొట్టేస్తాం. అది సగం నిజమే. ఆ ఓటర్లే 2018లో ఏడింట ఆరు, 2023లో ఏడింటికి ఏడూ గులాబీకి ఇచ్చారు గదా! అసెంబ్లీకి ఇక్కడి మనిషిని చూస్తారు, పార్లమెంటుకు ఢిల్లీ గాలి చూస్తారు. పైగా అభ్యర్థి ఇక్కడివాడు కానప్పుడు ఇంకేం చూడాలి?

2024లో ఓటర్లు 37 లక్షలకు పైనే, దేశంలో ఇంత పెద్ద స్థానం మరొకటి లేదు. ఓటేసింది మాత్రం సగం మందే. కూకట్‌పల్లి, ఉప్పల్, ఎల్‌బీ నగర్ కాలనీలు తిరిగి శామీర్‌పేట చెరువు దాకా వచ్చేసరికి అభ్యర్థికి ప్రచార గడువే అయిపోతుంది. గెలిచినాక ఇంక దారే మరుస్తాడు.

2014 విభజన చట్టం మన అసెంబ్లీ సీట్లను 119 నుంచి 153 చేయాలని రాసింది. పార్లమెంటు సీట్ల హద్దులూ ఏదో ఒకరోజు మళ్లీ గీస్తారు. ఆ రోజు మేడ్చల్, శామీర్‌పేట, కీసర, ఘట్‌కేసర్‌ను పట్నానికి తోకగా మళ్లీ కడతామంటే ఒప్పుకోవద్దు. ఇప్పటి నుంచే ఊరూరా తీర్మానాలు చేయించి పంపుదాం. మళ్లీ ఎన్నికలొచ్చినప్పుడు వాకిట్లోకి వచ్చిన ప్రతి అభ్యర్థినీ, మన పార్టీవాడైనా సరే, నిలబెట్టి అడుగుదాం: అయ్యా, పెద్ద కుర్చీ పిలిస్తే ఈ సీటు వదిలిపోతారా, ఐదేళ్లూ ఉంటారా?