పాత చేతుల విలువ
(సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సర్వీసంతా గుమాస్తాగా ఫైళ్ళు చూసినవాడికి కంప్యూటర్ల సంగతి ఎందుకని మీరనుకోవచ్చు. మన పిల్లల్లో చాలామంది సాఫ్ట్‌వేరులోనే ఉన్నారు గనుక, వారి పనికీ మన పనికీ గల పోలిక ఒకటి మనవి చేస్తాను.

ఫైల్లో ఆర్డరు ఉంటుంది. అది అలా ఎందుకు వచ్చిందో ఆ సీట్లో ఏళ్ళ తరబడి కూర్చున్నవాడికే తెలుస్తుంది. డెన్మార్క్ శాస్త్రవేత్త పీటర్ నౌర్ 1985లో ప్రోగ్రాముల గురించి ఇలాంటి మాటే చెప్పారు. ప్రోగ్రామంటే రాసిన పంక్తులే కాదు, రాసినవారి బుర్రలోని అవగాహన కూడా. ఆ బృందం చెదిరిపోతే ప్రోగ్రాముకు ప్రాణం పోయినట్లేనని ఆయన వాదన.

ఐ.బి.ఎం.లో పెద్ద ప్రాజెక్టు నడిపిన ఫ్రెడ్ బ్రూక్స్, ఆలస్యమైన పనికి కొత్తవారిని చేరిస్తే మరింత ఆలస్యమవుతుందని 1975లో రాశారు. కొత్తవారికి నేర్పడానికి పాతవారి సమయమే ఖర్చవుతుంది. పైగా అయిదుగురుంటే ఇద్దరిద్దరి మధ్య సంప్రదింపులు 10, పదిమంది అయితే 45.

2020 ఏప్రిల్‌లో కరోనా వేళ అమెరికాలోని న్యూజెర్సీలో నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తాయి. వాటిని చూసే పాత కంప్యూటర్లు కోబాల్ భాషతో నడిచేవి. ఆ భాష తెలిసినవారు సాయానికి రావాలని గవర్నరే బహిరంగంగా కోరవలసి వచ్చింది.

మనకేమిటంటారా? కమ్యూట్ చేసిన పెన్షను భాగం 15 ఏళ్ళకు తిరిగి కలుస్తుంది. ఆ నిబంధన కంప్యూటరులో ఒక లెక్కగా ఉంటుంది. ఎందుకుందో తెలియని కుర్రాడు అనవసరమని తీసేస్తే దెబ్బ మన నెల జమకే.

అయితే అనుభవం ఒక్కటే చాలదు. జాగా ఆదా కోసం సంవత్సరాన్ని రెండంకెల్లో రాసినవారూ ఆరితేరినవారే. దాన్ని సరిదిద్దడానికి 2000కు ముందు మన తెలుగు కుర్రాళ్ళెందరో రాత్రింబవళ్ళు శ్రమించారు. కాబట్టి తెలిసినవాడు విద్యను గుప్పిట్లో దాచుకోకూడదు. చార్జి అప్పగించినట్లు కారణాలు రాసిపెట్టాలి, ఒక చిన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకోవాలి.

చివరగా ఒక్క విన్నపం. మీ అబ్బాయో అమ్మాయో ఇరవై ఏళ్ళుగా ఒకే ప్రాజెక్టులో ఉంటే, పక్కింటి పిల్లలు కంపెనీలు మారి జీతాలు పెంచుకున్నారని దెప్పకండి. ఎక్కడో ఎవరి పెన్షనో ఆ పిల్లల జ్ఞాపకం మీదే నడుస్తూ ఉండవచ్చు.