పన్ను లేని ఇల్లు - లెక్కకు రాని చాకిరీ

(ఒక సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)



కొన్నేళ్ళ క్రితం నగరం అంచున ఉన్న ఒక పునరావాస కాలనీలో, నీళ్ళ కోసం స్త్రీలు ఒక అధికారిని నిలదీస్తుంటే నేనూ అక్కడే ఉన్నాను. "మీరు కట్టే పన్నెంతమ్మా?" అన్నాడాయన. అంతవరకూ గట్టిగా మాట్లాడినవాళ్ళంతా తలలు దించుకున్నారు. నాకూ ఆ క్షణాన జవాబు తోచలేదు. ఆ ప్రశ్న గురించే ఈరోజు మాట్లాడతాను.

పేదల ఇళ్ళకు ఆస్తిపన్ను మినహాయిస్తే, అక్కడి నీళ్ళకీ చెత్తకీ వీధిదీపాలకీ డబ్బెక్కడిది? అమెరికాలో 1937 గృహనిర్మాణ చట్టం కింద కట్టిన ప్రభుత్వ ఇళ్ళకు స్థానిక ఆస్తిపన్ను ఉండదు. దానికి బదులుగా గృహనిర్మాణ సంస్థ, వసూలైన అద్దెలోంచి నీటి, విద్యుత్ ఖర్చులు తీసేసి, మిగిలినదాంట్లో సాధారణంగా పదిశాతం నగరానికి చెల్లిస్తుంది. అందరికీ ఇచ్చే సేవలే ఆ ఇళ్ళకూ ఇస్తానని నగరం ఒప్పందం రాసిస్తుంది.

ఇక్కడే చిక్కుంది. 1969లో వచ్చిన బ్రూక్ సవరణ అద్దెను కుటుంబ ఆదాయంలో 25 శాతానికి పరిమితం చేసింది. 1981లో దాన్ని 30 శాతానికి పెంచారు. నెలకు వెయ్యి డాలర్లు వచ్చే స్త్రీ 300 డాలర్లు అద్దె కడుతుందనుకుందాం. నీటికీ కరెంటుకీ 50 పోతే మిగిలేది 250. నగరానికి చేరేది 25. అంటే కుటుంబం ఎంత పేదదైతే నగరానికొచ్చేది అంత తక్కువ. అప్పుడు "వీళ్ళు మాకు భారం" అనే మాట బయల్దేరుతుంది.

న్యూయార్క్‌లో జరిగింది మరీ విడ్డూరం. ఈ చెల్లింపు చాలదన్నట్టు, పోలీసు సేవల పేరిట కూడా గృహనిర్మాణ సంస్థ ఏటా కోట్ల డాలర్లు నగరానికి కట్టింది. సొంత ఇళ్ళవాళ్ళెవరూ పోలీసులకు విడిగా బిల్లు కట్టరు కదా! మరమ్మతులకు పోవలసిన డబ్బు అటు పోయింది. ఆ ఇళ్ళలో అధికభాగం స్త్రీలు పెద్దగా ఉన్న కుటుంబాలు. మేయర్ డి బ్లాసియో హయాంలో, 2014-15లలో, ఈ రెండు చెల్లింపుల నుంచీ నగరం సంస్థను తప్పించింది.

మన సంగతి చూద్దాం. రాజ్యాంగంలోని 285వ అధికరణం కేంద్రప్రభుత్వ ఆస్తులకు స్థానిక పన్ను మినహాయించింది. అయినా 2009లో సుప్రీంకోర్టు ముందు కుదిరిన ఏర్పాటు ప్రకారం, వాడుకునే సేవలను బట్టి ఆస్తిపన్నులో మూడోవంతు నుంచి 75 శాతం దాకా సేవారుసుము కట్టాలి. ఆ ఆఫీసుల్లో ఎవరినైనా "మీరు కట్టే పన్నెంత?" అని నిలదీశారా? 2016 ఫిబ్రవరి నగరపాలక ఎన్నికల ముందు హైదరాబాద్‌లో 1200 రూపాయల లోపు ఆస్తిపన్నును 101 రూపాయలకు తగ్గించారు. మంచిదే. కానీ తగ్గిన ఆ మేరకు నగరపాలక సంస్థకు ఎవరు పూడుస్తారన్నది కూడా అడగాలి.

పూడ్చకపోతే ఆ లోటు మాయమైపోదు. బిందె పట్టుకుని ట్యాంకరు కోసం నిలబడిన స్త్రీ దాన్ని పూడుస్తుంది. తెల్లవారుజామున లేచి, కూలి పోగొట్టుకుని, కూతురి బడి మాన్పించి పూడుస్తుంది. అది ఏ బడ్జెట్లోనూ కనబడని పన్ను.

1992 నాటి 74వ సవరణ రాష్ట్ర ఆర్థికసంఘాలకు నగరపాలక సంస్థల ఆర్థిక పరిస్థితిని సమీక్షించే పని కూడా అప్పగించింది ఇలాంటి లెక్కలు తేల్చడానికే. పన్ను మినహాయించిన ప్రభుత్వమే ఆ మొత్తం భర్తీ చెయ్యాలనీ, ఏ కాలనీకి ఎంత ఖర్చయిందో వార్డువారీగా బయటపెట్టాలనీ మనం పట్టుబట్టాలి. సబ్బుబిళ్ళ కొన్నా పన్ను కడుతున్న మనిషిని ఇక ముందెవరైనా ఆ ప్రశ్న అడిగితే, తల దించుకోకుండా ఈ లెక్క ముందు పెడదాం.