తైలవర్ణ చిత్రమునకు గడువు
(సంఘసభలో చేసిన ప్రసంగ పాఠము)



మన సంఘస్థాపకుల తైలవర్ణ చిత్రమును నెలదినములలో వ్రాయించి, ఈ వార్షికోత్సవముననే ఆవిష్కరింపవలెనని పలువురు కోరుచున్నారు. మా తాతగారి చిత్రమునకు నేనును ఇట్లే తొందరపడితిని. రంగులు ఆరకమునుపే వార్నీషు పూయించితిని. నేడు ఆ ముఖమంతయు బీటలువారినది. చూచి వ్రాసిన ఫోటోను చెదలు తినివేసినవి. ఇక మా పిల్లలకు ఆయన రూపము చూపుటకు వేరొకటి లేదు.

అవిసెనూనె నీటివలె ఆవిరియై పోదు; గాలిలోని ప్రాణవాయువును గ్రహించి మెల్లమెల్లగా గట్టిపడును. కావున బిగించిన గుడ్డపై తెల్లపూత పూసి, మొదట పలుచని గోధుమవన్నెతో వెలుగునీడలు దిద్దుదురు. పొరపొరకు నూనె హెచ్చవలెను. క్రిందిపొరలో నూనె హెచ్చయినచో, పైపొర ముందుగా ఎండి పగులును. ముఖచ్ఛాయ ఇట్లు పలు పొరలమీద గాని పండదు. తుదివార్నీషునకు ఆరుమాసములు మొదలు సంవత్సరము ఆగవలెను.

స్వాతి తిరునాళ్ మహారాజు ఆస్థాన చిత్రకారుడైన అళగిరి నాయుడు మధురవాడే. మధురనుండి వచ్చిన సోదరులకు ఈ మాట ప్రియమగును!

చిత్రకారునకు బయానా నేను చెల్లించెదను. గడువు మాత్రము వచ్చే వార్షికోత్సవమునకు వేయుడు.