వైరస్ కనబడటం లేదంటే పోయినట్టేనా?



పోయిన వారం ఓ.పి.లో ఒకాయన రిపోర్టు చూపిస్తూ, "డాక్టరు గారూ, వైరల్ లోడ్ కనబడటం లేదని రాశారు. ఇంక మాత్రలు ఆపేయొచ్చు గదా?" అని అడిగారు. అప్పటికే మానేసి పది రోజులైందని పక్కనున్న ఆయన భార్య మెల్లిగా చెప్పారు. అందుకే ఈ రోజు ఈ విషయమే మాట్లాడదామనుకున్నాను. కాస్త సైన్సు ఉంటుంది, ఓపిక పట్టండి.

హెచ్.ఐ.వి. మన సి.డి.4 కణంలోకి దూరి, తన జన్యువులను ఆ కణపు డి.ఎన్.ఎ.లోనే అతికించేస్తుంది. వాటిని చదివి నకళ్లు తీయాల్సింది మన కణంలోని యంత్రాంగమే. కానీ అది మొదలుపెట్టిన కొద్దిసేపటికే ఆగిపోతుంది. పొట్టి ముక్కలే వస్తాయి. ఎప్పుడో ఒకటీ అరా పూర్తి నకలు వస్తే, దాని నుంచి 'టాట్' అనే చిన్న ప్రొటీను తయారవుతుంది. అసలు కథ ఇక్కడే. తయారవుతున్న ఆర్.ఎన్.ఎ. మొదట్లో జడపిన్నులా వంగిన భాగం ఒకటుంటుంది. టాట్ దాన్ని పట్టుకుని, మన కణానికే చెందిన పి-టెఫ్‌బి అనే ప్రొటీన్ల జంటను అక్కడికి లాక్కొస్తుంది. దాంతో ఆగిన యంత్రం చివరిదాకా నడుస్తుంది. పూర్తి నకళ్లు, వాటి నుంచి మరింత టాట్, దానివల్ల ఇంకా నకళ్లు! మన ఇంట్లో దూరి మన పొయ్యి మీదే వండుకునే దొంగ అన్నమాట.

కొన్ని కణాలు మాత్రం విశ్రాంతిలోకి వెళ్తాయి. వాటిలో టాట్ చాలదు, నకళ్లు రావు, రక్తపరీక్షలో వైరస్ దొరకదు. టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ మందులు వైరస్ కొత్త కణాల్లో పాతుకోకుండా అడ్డుకుంటాయి గానీ, ఇప్పటికే అతుక్కున్నదాన్ని తీసేయలేవు. టాట్‌ను ఆపే మందు ఇంకా వాడకంలోకి రాలేదు. మాత్రలు సక్రమంగా వాడుతున్నా, ఈ నిద్రపోయే కణాలు సగానికి తగ్గడానికే సుమారు 44 నెలలు పడుతుందని 2003లో లెక్కగట్టారు. మందు ఆపినప్పుడు వాటిలో ఏ కొన్ని మేలుకున్నా చాలు, చాలామందిలో కొన్ని వారాల్లోనే వైరస్ మళ్లీ రక్తంలోకి వస్తుంది.

ఆయన రిపోర్టు మంచి రిపోర్టే. వైరల్ లోడ్ కనబడకుండా నిలిచినంతకాలం కలయిక ద్వారా భార్యకు సోకదు. అది మాత్రల వల్ల వచ్చిన ఫలితం. ప్రభుత్వ ఏ.ఆర్.టి. కేంద్రాల్లో 2004 నుంచి ఈ మందులు ఉచితంగానే ఇస్తున్నారు.

మీలో ఎవరైనా మధ్యలో మానేసి ఉంటే, తిడతామని ఇంట్లో కూర్చోకండి. మిగిలిన మాత్రల డబ్బా, పాత కార్డు పట్టుకుని రేపే రండి.