పన్‌చక్కీ పాత ఛాయాచిత్రాలు: వాటి వెనుక వ్రాయవలసిన మాటలు



ఔరంగాబాదు అని పెద్దలు పిలిచే మన ఛత్రపతి శంభాజీనగర్‌కు బంధువులు ఎవరు వచ్చినా పన్‌చక్కీకి తీసుకొని వెళతాము. ‘పానీ’ అనగా నీరు, ‘చక్కీ’ అనగా తిరగలి. మన అవ్వలు పిడి పట్టుకొని విసిరిన తిరగలిని ఇక్కడ నీరు త్రిప్పింది. నగరానికి ఉత్తరాన ఉన్న కొండలలోని ఊటనీరు నేలలో పాతిన మట్టి గొట్టాల గుండా మైళ్ళ దూరం నడిచి, ఎత్తైన గోడ మీదికి ఎక్కి, అక్కడినుండి హౌజులోకి దూకుతుంది. ఆ నీటి వేగానికి క్రింద రెక్కల చక్రం తిరిగితే, ఇరుసుతోపాటు పైరాయి తిరిగేది. నీటిని పైకెక్కించేందుకు ఏ యంత్రమూ లేదు. కొండకూ గోడకూ మధ్యనున్న ఎత్తు తేడాయే దాని బలం. ఆ పిండి బాబా షా ముసాఫిర్ దర్గాకు వచ్చే యాత్రికులకూ ఫకీర్లకూ రొట్టె అయ్యేది. హౌజు అడుగుభాగమే క్రింది విశాలమైన గదికి పైకప్పు. ఎండాకాలంలో ఆ చల్లదనం అనుభవించినవారికే తెలుస్తుంది.

ఇంతటి కట్టడానికి నిర్మాణకాలం విషయంలో ఏకాభిప్రాయం లేదు. కొందరు 1695 అంటారు, కొందరు 1744 అంటారు. మొదటిది ఔరంగజేబు కాలం, రెండవది మొదటి ఆసఫ్ జా కాలం. నీటి కాలువను వేయించినవాడుగా చెప్పబడే తుర్క్‌తాజ్ ఖాన్ ఆసఫ్ జా కొలువులోని ప్రభువు గనుక, కాలువవరకు 1744 పొసగుతుందని నా అభిప్రాయం. దర్గా, కాలువ, హౌజు ఒక్కనాటివి కానక్కరలేదు. ‘పన్‌చక్కీ’ అని ఒక్కమాటతో సరిపెట్టక, ఏ భాగమో పేర్కొని వ్రాసియుంటే ఈ చిక్కు ఇంత పెరిగేది కాదు.

వ్రాతలు లేకపోలేదు. నిజాం ప్రభుత్వం ఆజ్ఞపై 1884లో ఈ జిల్లా గెజెటీరు వెలువడింది. రాజా దీన్‌దయాళ్ నిజాం రాజ్యపు కట్టడాలను ఛాయాచిత్రాలలో నిలిపాడు. 1914లో హైదరాబాదు సంస్థానంలో పురావస్తుశాఖ ఏర్పడి, గులాం యాజ్దానీ దానికి అధిపతి అయ్యాడు. అయితే గొప్ప ఛాయాగ్రాహకుని కన్ను కట్టడపు ఘనతను వెదకుతుంది. తిరగలి రాతికి గంట్లు ఎన్ని ఉన్నవో దానికి పట్టదు.

ఆ లోటు తీర్చగల చిత్రాలు మన ఇళ్ళలోని ట్రంకు పెట్టెలలో ఉన్నవి. 1900 ప్రాంతంలో హైదరాబాదు–గోదావరి లోయ రైలుమార్గం ఈ ఊరిని కాచిగూడ వైపుతో కలిపింది. 1948 వరకు ఇది నిజాం సంస్థానమే. 1956లో బొంబాయి రాష్ట్రంలో చేరేవరకు హైదరాబాదు రాష్ట్రమే. ఉద్యోగాలపై ఇటు వచ్చిన తెలుగు కుటుంబాలు హౌజు గట్టున నిలబడి ఫొటో దిగడం సహజమే. అందులో మన తాతగారి తలపాగా మనకు ముఖ్యం. ఆయన వెనుక కనిపించే నీటిమట్టం, పగిలిన గొట్టం, ఫవారా, మర్రిచెట్టు ఊడలు పరిశోధకునికి ముఖ్యం. కనుక దయచేసి మనుషుల వరకే చిత్రాన్ని కత్తిరించకండి.

చిత్రం వెనుక మెత్తని పెన్సిలుతో, అంచున వ్రాయండి. బాల్‌పెన్ను గుర్తు ముందుకు తేలుతుంది. ఎవరు, ఏ సంవత్సరం, ఏ వైపు నిలబడి తీశారు అన్నవి చాలు. సంవత్సరం తెలియకుంటే ఊహించి వేయకండి, “పెద్దక్క పెళ్ళి ముందు” అని వ్రాసినా అది ఆధారమే. స్కాను చేసేటప్పుడు స్టూడియో ముద్ర ఉన్న వెనుకవైపును విడువవద్దు. వీలైతే ఆ చోటనే నిలబడి నేడు మరొక చిత్రం తీయండి. రెండూ ప్రక్కప్రక్కన పెడితే గోడ ఎంత కూలినదీ నీరు ఎంత తగ్గినదీ ఎవరైనా చూడగలరు.

ఇంట్లో పెద్దవారు ఉంటే చిత్రం వారి చేతికిచ్చి, మధ్యలో అడ్డుతగలక వినండి. నీళ్ళు ఏ నెలలో సన్నగిల్లేవి, గింజలు ఎవరు పోసేవారు, రాయి చప్పుడు ఎంత దూరం వినిపించేది అని అడగండి. వారు ఉర్దూ, మరాఠీ, తెలుగు కలిపి చెబితే అట్లే వ్రాసుకొనండి, సరిదిద్దకండి. అసలు చిత్రాలను ఎవరికీ ఇవ్వనక్కరలేదు. నకలు, దానితో మీ వ్రాత చాలు.